ది లాజ్ ఏకైక ఆల్బమ్: పాడినవాడే కాదన్న రికార్డును వినాలా, వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందుగా చెబుతాను. మీరు "దేర్ షీ గోస్" అనే పాట విని, దాన్ని పాడిన లివర్‌పూల్ బృందం "ది లాజ్" 1990లో తెచ్చిన ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ దాకా వెళ్లారు. ఆ పాటలు రాసి పాడిన లీ మేవర్స్ ఆ రికార్డు తనకు నచ్చలేదని పత్రికల్లో బాహాటంగా చెప్పాడని చదివి ఆగిపోయారు. విడుదలైన ఆల్బమ్ వినాలా, లేక అంతకు ముందు వేరే నిర్మాతలతో (అంటే స్టూడియోలో రికార్డింగును నడిపించేవారితో) చేసి పక్కన పెట్టేసిన రికార్డింగులు వెతుక్కుని వినాలా అన్నది మీ మొదటి ప్రశ్న. ఇంత మంచి పాటలున్న బృందం రెండో ఆల్బమ్ ఎందుకు చేయలేదన్నది రెండోది. మీరూ మీ స్నేహితులూ కలిసి పెట్టుకున్న బృందం తన ఆల్బమ్‌ను ఇప్పటికి రెండుసార్లు రికార్డు చేసి, రెండుసార్లూ తృప్తి పడలేదని చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీ అసలు ప్రశ్న అదేనని నాకు అనిపించింది గనుక కొంత విస్తరించే జవాబిస్తున్నాను.

నేరుగా జవాబు: 1990లో విడుదలైన ఆల్బమ్‌నే ముందు వినండి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వరుస మార్చకుండా వినండి. అది ముప్పై అయిదు నిమిషాల రికార్డు. మేవర్స్ అభ్యంతరం అబద్ధం కాదు, అయితే అది పాటల గురించి చేసిన అభ్యంతరం కాదు. తన చెవిలో ఉన్న ధ్వనికీ టేపు మీదకు వచ్చిన ధ్వనికీ మధ్య మిగిలిన దూరం గురించి చేసినది. ఆ దూరం ఆయనకు మాత్రమే తెలుసు. మనకు తెలిసే అవకాశం లేదు, తెలియవలసిన అవసరమూ లేదు. రెండో ఆల్బమ్ రాకపోవడానికి కారణం కూడా ఆ దూరమే.

నేను 1998 నుంచి హైదరాబాదులో రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. సినిమా పాటలు, భక్తి గీతాలు, జానపదాలు, అప్పుడప్పుడు కాలేజీ కుర్రాళ్ల బృందాలు, ఇలా చేతికి వచ్చినవన్నీ చేశాను. "దేర్ షీ గోస్" కూడా నేను మొదట వినింది మూల బృందం గొంతులో కాదు. సిక్స్‌పెన్స్ నన్ ది రిచర్ అనే అమెరికన్ బృందం పాడినదాన్ని 1999 ప్రాంతంలో కేబుల్ టీవీలో విన్నాను. ఆ అమ్మాయి గొంతే అసలు పాట అనుకుని చాలాకాలం గడిపాను. మూలం విన్న తరువాత, అంత సున్నితమైన పాటలో ఇంత గరుకుతనం ఎలా ఇమిడిందా అన్న ఆశ్చర్యంతో ఆ బృందం కథలోకి దిగాను.

కథ క్లుప్తంగా ఇదీ. 1983లో మైక్ బ్యాడ్జర్ అనే చిత్రకారుడు, గాయకుడు లివర్‌పూల్‌లో ఈ బృందాన్ని మొదలుపెట్టాడు. మరుసటి ఏడు లీ మేవర్స్ వచ్చి చేరాడు. లివర్‌పూల్ యాసలో "లా" అంటే కుర్రాడు. మన దగ్గర "అబ్బీ" అనో "రా" అనో పిలిచే చనువు ఆ ఒక్క అక్షరంలో ఉంది. 1986లో జాన్ పవర్ బేస్ గిటార్‌కు వచ్చాడు, ఆ ఏడాది చివరకు బ్యాడ్జర్ వెళ్లిపోయాడు, పగ్గాలు మేవర్స్ చేతికి వచ్చాయి. 1987లో గో! డిస్క్స్ అనే లండన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. బిల్లీ బ్రాగ్, హౌస్‌మార్టిన్స్ వంటివారిని నిలబెట్టిన కంపెనీ అది. ఆ ఏడాదే "వే అవుట్" అనే మొదటి సింగిల్ (ఆల్బమ్‌తో పని లేకుండా విడిగా విడుదల చేసే పాట) వచ్చింది. 1988లో "దేర్ షీ గోస్" వచ్చి బ్రిటన్ అమ్మకాల పట్టికలో 59వ స్థానంతో సరిపెట్టుకుంది. ఆల్బమ్ మాత్రం 1990 అక్టోబరు దాకా రాలేదు. పన్నెండు పాటల రికార్డుకు ఒప్పందం నుంచి విడుదల దాకా మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ వాళ్లు ఖాళీగా కూర్చోలేదు. అవే పాటలను మళ్లీ మళ్లీ రికార్డు చేస్తూ ఉన్నారు.

స్మిత్స్ బృందంతో పనిచేసిన జాన్ పోర్టర్, స్టోన్ రోజెస్ మొదటి ఆల్బమ్ చేసిన జాన్ లెక్కీ, క్యూర్ బృందంతో పనిచేసిన మైక్ హెడ్జెస్, ఇలా ఒకరి తరువాత ఒకరు వచ్చి ఇవే పాటలకు ప్రయత్నించి వెళ్లారు. బృందంలో గిటారిస్టులు, డ్రమ్మర్లు కూడా మారుతూ వచ్చారు. 1989లో "టైమ్‌లెస్ మెలొడీ" అనే పాటను సింగిల్‌గా సిద్ధం చేసి, చివరి నిమిషంలో వెనక్కి తీసుకున్నారు. ఆఖరుకు 1989 డిసెంబరులో లండన్ ఈడెన్ స్టూడియోలో స్టీవ్ లిలీవైట్ ఈ పని తలకెత్తుకున్నాడు. యూటూ బృందానికి మొదటి మూడు ఆల్బములు చేసిన నిర్మాత ఆయన. కొన్ని వారాల తరువాత బృందం ఆ సెషన్ల మీద కూడా ఆశ వదులుకుంది. టేపుల మీద ఉన్నదాన్ని లిలీవైట్ పూర్తి చేసి ఆల్బమ్‌గా కూర్చాడు, కంపెనీ విడుదల చేసింది. అలా వచ్చిన రికార్డు బ్రిటన్‌లో 30వ స్థానానికి చేరింది, మళ్లీ విడుదల చేసిన "దేర్ షీ గోస్" 13వ స్థానానికి వెళ్లింది. మేవర్స్ మాత్రం అదే వారాల్లో విలేకరులను పిలిచి కూర్చోబెట్టుకుని ఆ రికార్డును తిట్టాడు. దాన్ని నడుం విరిగిన పాముతో పోల్చాడు.

ఈ పోలికను నవ్వులాటగా చెప్పుకునేవారే ఎక్కువ. నాకు మాత్రం అది ఒక ఇంజనీరుకు ఇవ్వదగిన అతి కచ్చితమైన ఫిర్యాదుగా తోస్తుంది. పాముకు తల ఉంది, తోక ఉంది, చర్మం మెరుస్తోంది, కదలిక మాత్రం లేదు అంటున్నాడు. అంటే ప్రతి వాయిద్యం దాని చోట అది బాగానే ఉంది, కాని ఒక వాయిద్యం నుంచి మరొకదానికి పాకవలసిన లయ పాకడం లేదు. విడివిడిగా రికార్డు చేసి తరువాత కలిపిన ఏ రికార్డులోనైనా ఈ ప్రమాదం ఉంటుంది. నలుగురు ఒకే గదిలో కూర్చుని వాయించినప్పుడు డ్రమ్ము శబ్దం గిటారు మైకులోకి, గిటారు శబ్దం గొంతు మైకులోకి కొంత కొంత చొరబడుతుంది. ఇంజనీర్లం మేము దాన్ని "లీకేజీ" అని విసుక్కుంటాం, అడ్డుగోడలు పెట్టి ఆపుతాం. ఆపినకొద్దీ మిక్సింగ్‌లో, అంటే విడివిడి శబ్దాలను తూకం వేసి కలిపేటప్పుడు, మా పని సులువవుతుంది. ఆ చొరబాటులోనే నలుగురూ ఒకచోట ఉన్నారన్న భావం వినేవాడికి అందుతుందని నాకు అర్థం కావడానికి మాత్రం పదేళ్లు పట్టింది.

ఆ పాఠం నాకు నేర్పింది పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. నాట్ల పాటలు పాడేవారు. గాజుగది లోపల నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, క్లిక్ ట్రాక్ (లయ తప్పకుండా చెవిలో టిక్కు టిక్కుమనే శబ్దం) వినిపించి పాడమన్నాను. శ్రుతి తప్పలేదు, లయ తప్పలేదు, పాట మాత్రం చచ్చిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, వెంట వచ్చిన ఇద్దరు అందుకుంటూ ఉండగా ఆవిడ ఊరికే పాడుకుంటుంటే, పరుగున పోయి రెండు మైకులు తెచ్చి పెట్టాను. వెనక ఆటో శబ్దం ఉంది, గాజుల చప్పుడు ఉంది, విడుదలైనది మాత్రం ఆ రికార్డింగే. మేవర్స్ తన ఇంట్లో క్యాసెట్ మీద చేసుకున్న నమూనాలను మించి స్టూడియోలో ఏదీ రాలేదని ఎందుకు పట్టుబట్టాడో ఆ రోజు నాకు కొంత అర్థమైంది.

కాని ఇక్కడే రెండో వైపు కూడా చెప్పాలి: మొదటి నమూనా మీద మోజు ప్రతిసారీ సత్యాన్ని చెప్పదు. మన సినిమా పాటల్లో ట్రాక్ పాడించే పద్ధతి ఉంది కదా. పేరున్న గాయకుడికి తీరిక దొరికే దాకా, కొత్త గాయకుడితో పాట పాడించి పెట్టుకుంటారు. షూటింగు దానితోనే జరుగుతుంది. సంగీత దర్శకుడు, దర్శకుడు నెలల తరబడి దాన్నే వింటారు. తరువాత పెద్ద గాయకుడు వచ్చి ఎంత బాగా పాడినా "ట్రాక్‌లో ఉన్న ఫీల్ రాలేదండీ" అనే మాట వినబడుతుంది. నేను ఈ మాట కనీసం యాభైసార్లు విని ఉంటాను. కొన్నిసార్లు అది నిజం. ట్రాక్ పాడిన అమ్మాయికి అది తన పేరు మీద వస్తుందన్న ఆశ లేదు గనుక భయమూ లేదు, అందుకే గొంతు స్వేచ్ఛగా నడిచింది. ఆ వెర్షన్‌నే ఉంచేసిన పాటలూ ఉన్నాయి. చాలాసార్లు మాత్రం అది చెవికి పట్టిన అలవాటు, మరేమీ కాదు.

దాన్ని తేల్చుకోవడానికి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. రెండు వెర్షన్లనూ ఒకే శబ్దస్థాయికి తెచ్చి, ఏది ఏదో చెప్పకుండా, పల్లవి మొదటి రెండు వరుసలు మాత్రమే వినిపిస్తాను, అదీ కనీసం పదిహేను రోజులు ఆ పాట వినకుండా ఉన్న తరువాత. శబ్దస్థాయి సమానం చేయడం ముఖ్యం, ఎందుకంటే రెండింటిలో కొంచెం బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి ఎప్పుడూ మోసపోతుంది. ఒక సంగీత దర్శకుడు మూడు నెలలు ట్రాక్ కోసం పోట్లాడి, ఈ పరీక్షలో కొత్త వెర్షన్‌ను చూపించి "ఇదేనండీ, దీన్నే నేను అడుగుతున్నది" అన్నారు. అది ఏదో చెప్పిన తరువాత కాసేపు మౌనంగా కూర్చుని కాఫీ తెప్పించమన్నారు.

క్యాసెట్ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. క్యాసెట్ టేపు మీద కొంచెం గట్టిగా రికార్డు చేస్తే టేపే శబ్దాన్ని అణచి, అంచులు గుండ్రం చేసి, వాయిద్యాలన్నిటినీ ఒక ముద్దలా కలుపుతుంది. పై స్థాయి సూక్ష్మ శబ్దాలు పోతాయి, కింద బరువు పోతుంది, మధ్యలో ఉన్న గొంతూ గిటారూ ముందుకు వస్తాయి. ఒక్కో వాయిద్యాన్ని విడిగా పట్టే ఇరవై నాలుగు ట్రాకుల స్టూడియో టేపు ఆ పని అంతగా చేయదు. అది దాదాపు ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. ఇంట్లో చేసుకున్న నమూనాకు అలవాటు పడిన చెవికి స్టూడియో టేపు బోసిగా, చల్లగా వినిపిస్తుంది. మేవర్స్ గురించి ప్రచారంలో ఉన్న ఒక కథ మీరు చదివే ఉంటారు: పాత మిక్సింగ్ డెస్క్ ఒకటి తెచ్చి ఇస్తే, దాని మీద అరవయ్యో దశకం నాటి అసలు దుమ్ము లేదని వద్దన్నాడట. ఇది జరిగిందనడానికి ఆధారాలు బలహీనం, నేను దీన్ని కథగానే తీసుకుంటాను. (దుమ్మే కావాలంటే హైదరాబాదులో నేను మొదట పనిచేసిన స్టూడియోకు రావలసింది, ఏ దశకం దుమ్మైనా దొరికేది.) కథ నిజం కాకపోయినా జనం దాన్ని అంత తేలికగా నమ్మడానికి కారణం ఉంది. ఆయన వెతుకుతున్న గుణం ఏ పరికరంలో ఉందో ఎవరూ వేలు పెట్టి చూపించలేకపోయారు.

ఇక ఆల్బమ్‌లో ఏం ఉందో చెప్పకుండా వినమని సలహా ఇవ్వడం భావ్యం కాదు. "దేర్ షీ గోస్" నిర్మాణాన్ని మన లెక్కలో చెప్పాలంటే, ఆ పాటకు పల్లవి ఉంది, చరణం లేదు. గిటారు మీద ఒక చిన్న బిట్, వెంటనే పల్లవి; అదే పల్లవి నాలుగుసార్లు వస్తుంది, మాటలు కొద్దిగా మారతాయి; మధ్యలో ఒకే ఒకసారి వేరే వరస వచ్చి వెళ్లిపోతుంది. రెండు నిమిషాల నలభై రెండు సెకన్లలో అంతా అయిపోతుంది. చరణం లేని పాట విసుగు పుట్టించాలి, ఇది పుట్టించదు. కారణం ఆ గిటారు బిట్ చేసే పని. పల్లవి ముగిసిన ప్రతిసారీ అది వచ్చి, చరణం ఇవ్వవలసిన విరామాన్ని ఇస్తుంది, వెంటనే మళ్లీ పల్లవి మీద ఆకలి పుట్టిస్తుంది. పాట ఒక మత్తుమందు గురించి అనే పుకారు ఎప్పటినుంచో ఉంది, బృందంలో పనిచేసినవారు దాన్ని కొట్టిపారేశారు. నాకు ఆ చర్చ మీద ఆసక్తి లేదు.

ఇక్కడ ఒక మెలిక గమనించండి. ఆల్బమ్‌లో ఉన్న "దేర్ షీ గోస్" లిలీవైట్ కొత్తగా రికార్డు చేసినది కాదు. 1988లో బాబ్ ఆండ్రూస్ నిర్మాణంలో చేసిన రికార్డింగ్‌నే లిలీవైట్ మళ్లీ మిక్స్ చేశాడు. అంటే అన్ని సెషన్ల తరువాత కూడా ఆ పాటకు పాత టేపును మించినది రాలేదు. మేవర్స్ వాదనకు ఆల్బమ్ మధ్యలోనే ఒక సాక్ష్యం ఉందన్నమాట. అయితే అది ఇంట్లో చేసిన క్యాసెట్ కాదు, స్టూడియోలో ఒక నిర్మాత శ్రద్ధగా చేసిన పని. కాబట్టి ఆ సాక్ష్యం ఆయన వాదనను సగమే బలపరుస్తుంది.

మిగతా పాటల్లో "సన్ ఆఫ్ ఎ గన్" రెండు నిమిషాలు కూడా ఉండదు. అకూస్టిక్ గిటారును అంత కసిగా, దాదాపు తాళవాద్యంలా వాయించడం అక్కడ వినండి. "డోల్‌డ్రమ్" అనే పేరులో శ్లేష ఉంది: నిరుద్యోగులకు ప్రభుత్వం ఇచ్చే భృతిని ఇంగ్లండులో "డోల్" అంటారు, "డోల్‌డ్రమ్స్" అంటే గాలి లేక ఓడ కదలని స్థితి, మనసు మొద్దుబారిన స్థితి. రేవుల పని పడిపోయి, ఎనభయ్యో దశకంలో ఉద్యోగాలు లేక కుర్రాళ్లు వీధుల్లో తిరిగిన లివర్‌పూల్‌లో ఆ మాటకు వివరణ అక్కరలేదు. పాట మాత్రం ఏడవదు, జోరుగా నడుస్తుంది. "ఫీలిన్" ఒక నిమిషం నలభై నాలుగు సెకన్లు. "టైమ్‌లెస్ మెలొడీ" ఒక్కదానిలోనే నాకు లిలీవైట్ జోక్యం కొంచెం ఎక్కువైందనిపిస్తుంది, డ్రమ్ములు గొంతును మించి నిలబడతాయి. చివరి పాట "లుకింగ్ గ్లాస్" దాదాపు ఎనిమిది నిమిషాలు. నెమ్మదిగా మొదలై, క్రమంగా వేగం పెంచుకుంటూ పోతుంది. క్లిక్ ట్రాక్‌కు కట్టుబడి ఇలాంటి పాట చేయడం దాదాపు అసాధ్యం. నడుం విరిగిన పాము ఇలా పాకలేదు. ఈ ఒక్క పాట విషయంలో నేను మేవర్స్‌తో ఏకీభవించలేను.

పవర్ పాప్ అనే ముద్ర ఈ బృందానికి తగునా అని కూడా మీరు అడిగారు. ఆ మాటను 1967లో ది హూ బృందపు పీట్ టౌన్షెండ్ తమ సంగీతానికి వాడాడు. తరువాత బ్యాడ్‌ఫింగర్, రాస్ప్‌బెర్రీస్, బిగ్ స్టార్ వంటి బృందాలకు అది స్థిరపడింది. బీటిల్స్ తరహా రాగం, గలగలమనే గిటార్లు, మూడు నిమిషాల నిడివి, వెనక గట్టిగా కొట్టే డ్రమ్ము దాని లక్షణాలు. ది లాజ్‌లో మొదటి మూడూ ఉన్నాయి, నాలుగోది తక్కువ. అందుకే కొందరు వీరిని "జాంగిల్ పాప్", అంటే గలగలమనే గిటార్ల పాప్, అంటారు. వర్గం పేరు రికార్డు దుకాణంలో అర మీద రాసుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి నేను పట్టించుకోను.

రెండో ఆల్బమ్ సంగతి. విడుదల తరువాత బృందం ప్రదర్శనలు ఇచ్చింది, అమెరికా కూడా వెళ్లింది. "దేర్ షీ గోస్" 1991లో అమెరికా బిల్‌బోర్డ్ వంద పాటల పట్టికలో 49వ స్థానం దాకా వెళ్లింది. కాని రాత్రి రాత్రికీ అవే పాటలు. కొత్తవి రికార్డు చేయాలంటే ముందు మొదటి ఆల్బమ్‌ను తనకు నచ్చినట్టు మళ్లీ చేయాలన్నది మేవర్స్ పట్టు. 1991 చివర జాన్ పవర్ విసిగి బయటకు వచ్చాడు, క్యాస్ట్ అనే బృందం పెట్టాడు. క్యాస్ట్ మొదటి ఆల్బమ్ 1995లో వచ్చి బాగా అమ్ముడైంది. దాని నిర్మాత ఎవరనుకున్నారు? ది లాజ్‌తో ప్రయత్నించి వెనుదిరిగిన జాన్ లెక్కీయే. నిర్మాత చేతకానితనం వల్లే ది లాజ్ రికార్డు చెడిందన్న వాదన నాకు మింగుడు పడకపోవడానికి ఇది ఒక కారణం. ఆ తరువాత మేవర్స్ అప్పుడప్పుడు వేదిక మీద కనిపించాడు, 2005లో పవర్‌తో కలిసి ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో కూడా పాడాడు. కొత్త ఆల్బమ్ రాలేదు.

ఇక మీ ఆల్బమ్ విషయం. నా చేతి మీదుగా జరిగిన ఒక తప్పు చెబుతాను. 2011లో నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు ఏడు తెలుగు రాక్ పాటలతో నా దగ్గరకు వచ్చారు. మొదటి రోజు సాయంత్రానికే నాలుగు పాటలు వాయించేశారు. నేను ఒక రఫ్ మిక్స్ (తాత్కాలికంగా కలిపిన ప్రతి) చేసి ఇచ్చాను, వాళ్లు బైకుల మీద వింటూ వెళ్లారు. తరువాత వారం గిటారిస్టు వచ్చి తన భాగాలు మళ్లీ వాయిస్తానన్నాడు. వాయించాడు, మునుపటి కంటే శుభ్రంగా వచ్చింది. అప్పుడు గొంతు దాని పక్కన గరుకుగా వినిపించింది, అదీ మళ్లీ పాడించాం. అప్పుడు డ్రమ్ములు వెనకబడ్డట్టు అనిపించాయి. నేను ఆపవలసినవాణ్ని. ఆపకపోగా, కొత్తగా కొన్న మైకుల మీద ముచ్చటతో "ఇంకొకసారి చేద్దాం" అని ప్రోత్సహించాను. పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక రోజు డ్రమ్మర్ మిఠాయి పొట్లంతో వచ్చాడు. అమెరికాలో ఎమ్మెస్‌కు సీటు, వీసా రెండూ వచ్చాయి. ఆ ఆల్బమ్ అంతటితో ఆగిపోయింది. మొదటి సాయంత్రపు రఫ్ మిక్స్ నా దగ్గర ఇప్పటికీ ఉంది. దానిలో రెండో పాటలో గిటారు ఒకచోట తప్పు మీటు పడుతుంది. అది ఒక్కటి సరిచేసి అప్పుడే విడుదల చేసి ఉండవలసిందని ఇప్పుడు వింటే స్పష్టంగా తెలుస్తుంది.

ఆ అనుభవం తరువాత నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. మొదటిది, ఒక భాగాన్ని మళ్లీ రికార్డు చేయాలంటే తప్పు ఎక్కడ ఉందో చెప్పగలగాలి. "శ్రుతి పడింది", "రెండో వరుసలో ఊపిరి తెగింది", "బేస్ ముందుకు పరిగెత్తింది" అంటే సరిచేస్తాను. "ఏదో తగ్గింది" అంటే ఆ రోజుకు స్టూడియో మూసేసి ఇంటికి పంపిస్తాను. రెండోది, రెండోసారి చేసినది మొదటిదాన్ని మించకపోతే మూడోసారి చేయను. దీనికి మినహాయింపు ఒకటే: పాటనే మార్చాలి. వేగమో, శ్రుతో, వాయిద్యాల కూర్పో మార్చి చేస్తే అది కొత్త పని అవుతుంది. అదే కూర్పును అదే మనుషులు మూడోసారి వాయిస్తే వచ్చేది అలసటే.

ఈ నియమాలు అందరికీ వర్తిస్తాయని నేను చెప్పను. సొంత గదిలో, సొంత కంప్యూటర్ మీద చేసుకునేవారికి గంటకు అద్దె లెక్క లేదు గనుక ప్రమాదం ఇంకా ఎక్కువ. ది లాజ్‌కు కనీసం కంపెనీ డబ్బు అయిపోతుందన్న భయమైనా ఉంది. మరోవైపు, శాస్త్రీయ కచేరీ రికార్డింగుల్లో గాయకుడు వద్దంటే నేను మారు మాట్లాడను, అక్కడ గీత గీసేది ఆయన చెవే. మీరు చేస్తున్నది నలుగురి బృందం. అక్కడ ఒకరి చెవికి మిగతా ముగ్గురి కాలం ఖర్చవుతుంది, జాన్ పవర్ వెళ్లిపోయింది అందుకే.

పాత రికార్డింగులు వినాలన్న మీ కోరిక సమంజసమే. 2008లో ఈ ఆల్బమ్ డీలక్స్ ముద్రణ రెండు డిస్కులుగా వచ్చింది, రెండో డిస్కులో మైక్ హెడ్జెస్‌తో చేసి పక్కన పెట్టిన వెర్షన్ ఉంది. బీబీసీ రేడియో కోసం వాయించినవి 2006లో ఒక డిస్కుగా వచ్చాయి. స్టూడియో అలంకారాలు లేకుండా ఆ బృందం ఎలా వినిపించేదో తెలుసుకోవడానికి నా ఓటు దానికే. బ్యాడ్జర్ ఉన్న తొలినాళ్ల రికార్డింగులు 1999లో వైపర్ అనే చిన్న రికార్డు కంపెనీ తెచ్చింది, అవి చరిత్ర మీద ఆసక్తి ఉంటేనే.

వినే వరుస మాత్రం ఇలా పెట్టుకోండి. 1990 ఆల్బమ్‌ను రెండు మూడు వారాలు వినండి. తరువాత పదిహేను రోజులు దాని జోలికి పోకండి. అప్పుడు హెడ్జెస్ వెర్షన్ నుంచి "డోల్‌డ్రమ్" ఒక్కటి తీసి, రెండింటి శబ్దస్థాయి సమానం చేసి, మీ డ్రమ్మర్‌ను ఏది ఏదో చెప్పకుండా వినిపించమనండి. మీ సొంత పాటల మొదటి రికార్డింగునూ రెండోదాన్నీ కూడా అదే సాయంత్రం అదే పద్ధతిలో వినండి. మొదటిది గెలిస్తే, దాని రఫ్ మిక్స్ నాకు పంపండి. మిక్సింగ్‌లో సరిదిద్దగలిగినవి ఏవో, మళ్లీ వాయించక తప్పనివి ఏవో విని రాస్తాను.